ఏడు బుట్టల్లో బాపు

"ఏడున్నయి," అంది అలేఖ్య. "ఏడింట్ల మా బాపే ఉన్నడు."

వాకిట్లో బోర్లించిన కుండలు వరసగా ఉన్నాయి. ఒక్కో కుండ మీద పసుపు కలిపిన కాగితపు గుజ్జు మందంగా పరిచి ఉంది. మూడో కుండ మీద మాత్రం ఆ పసుపులో సన్నటి నీలం పోగు ఒకటి చుట్టూ తిరిగి కనపడుతోంది.

పోశవ్వ చివరి కుండ దగ్గర గొంతుక్కూర్చుని తడి చేత్తో అంచు దిద్దుతోంది. కూతురి మాట విననట్టే ఉంది. విననట్టు ఉండడంలో ఆమెకు మందమర్రి కాలనీ మొత్తంలో సాటి లేరు.

అలేఖ్య భుజం మీది బ్యాగు ఇంకా దించలేదు. కరీంనగర్ బస్సు దిగి, ఆటో దిగి, నేరుగా వెనక గదిలోకి పోయి చూసి వచ్చింది. మూడు నెలలుగా బొమ్మ ఉన్న చోట ఇప్పుడు ఒట్టి నేల. ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి మరీ ఉంది.

"అవ్వా, నిన్నే. రెండు దినాలు నేను ఇంట్ల లేను. గీ రెండు దినాలల్ల నా బొమ్మను తొట్టిల ఏశి నానవెట్టి, దంచి, గంపలు చేసినవ్. అంతేనా?"

"మెంతులు గూడ ఏశిన," అంది పోశవ్వ.

ఆ ఇంట్లో ఆ పని కొత్తది కాదు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రోట్లో దంచి, ఆ గుజ్జును బోర్లించిన కుండకు పూసి, ఎండిన తర్వాత ఊడదీస్తే బుట్ట. పోశవ్వ తన తల్లి దగ్గర నేర్చుకుంది. అలేఖ్య పోశవ్వ దగ్గర నేర్చుకుంది. ఆ తర్వాత హైదరాబాదుకు పోయి శిల్పం చదువుకుని వచ్చి, కుండ ఉండాల్సిన చోట కన్నతండ్రిని పెట్టింది.

ప్రతి ఆదివారం రాజాన్ని బోర్లా పడుకోబెట్టి, వీపుకు ఆముదం రాసి, తడి కాగితాలు పొర మీద పొర పరిచింది. అలా నలభై పొరలు. దాదాపు నలభై ఏళ్ళు బొగ్గు బాయిలో వంగి పనిచేసిన వీపు అది. బాయిలో దెబ్బ తగిలిన చోట బొగ్గు దుమ్ము చర్మం లోపలే ఉండిపోయి, గాయం మానినా గీత నీలంగా మిగిలిపోతుంది. రాజం వీపు మీద అలాంటి గీతలు తొమ్మిది. అలేఖ్య తొమ్మిదింటికీ నీలిమందులో ముంచిన నూలు పోగులు బొమ్మ మీద అతికించింది.

శుక్రవారం పొద్దున వ్యాను వస్తుంది. కాగితంతో శిల్పాలు చేసే ఐదుగురు కలిసి కరీంనగర్‌లో పెడుతున్న ప్రదర్శనలో ఆ వీపు ఉండాలి. పదేళ్ళుగా ఫంక్షన్లకు థర్మకోల్ అక్షరాలు కోసి బతుకుతున్న అలేఖ్యను, నీ పేరు మీద నీ బొమ్మ కావాలని ఒకరు అడగడం ఇదే మొదటిసారి. ఈ రోజు ఆదివారం.

"కాగితమే గదనే," అన్నాడు సంపత్, గడపలో నిలబడి చాయ్ ఊదుకుంటూ. అలేఖ్యకు అన్న. కరీంనగర్ దగ్గర గ్రానైటు కోసే మిషన్ మీద పనిచేస్తాడు. ఆదివారాలు ఇంటికి వస్తాడు. "మా దగ్గర ఒక రాయి పలిగితే ఇంకో రాయి పెట్టుకుంటం. నువ్వు గూడ ఇంకోటి చేసుకో."

"మూడు నెలలు పట్టిందన్నా."

"అందుకే రాయి మీద చెయ్యమన్న. వానకు కరగకపోవు, అవ్వకు దంచరాకపోవు."

"నీకు నవ్వులాటగ ఉన్నదా?"

"నవ్వుతలేను." సంపత్ గ్లాసు దించాడు. "నిజం చెప్పాల్నంటే మంచిగనే అయింది. బాపు అంగి ఇప్పి పండుకున్న వీపును నలుగురు టికెట్ కొని చూసుడేంది?"

"టికెట్ లేదు."

"అయితే ఇంక అధ్వానం. ఊరికెనే చూస్తరా?"

వాకిట్లో ఇంకో పక్క ప్లాస్టిక్ కుర్చీలో రాజం చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. వీపు ఆయనది. ఆ వీపు గురించే ముగ్గురూ కొట్లాడుతున్నారు. ఒక్కరూ ఆయన వైపు చూడలేదు.

అలేఖ్య బ్యాగు దించి, తల్లికి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఎందుకు చేసినవ్ అవ్వా? గదొక్కటి చెప్పు. ఇంకేం అడుగ."

పోశవ్వ చేతి గుజ్జును కుండ అంచుకు రాసేసింది. మాట్లాడడం మొదలుపెట్టాక ఆగలేదు.

"శుక్కురారం నువ్వు బస్సెక్కినంక మీ బాపు మంచిర్యాలకు పోయిండు. పింఛిని ఆఫీసుల బతికే ఉన్న అని సర్టిఫికెట్ తెచ్చుకోనీకి. పొద్దుగాల పోయినోడు నాలుగైనా రాలే. ఫోన్ చేస్తె ఎత్తడు. నేను పరేషాన్ల ఉన్న. ఏం తోచక నీ అర్ర ఊడుద్దామని తలుపు తీసిన. తీస్తే ఏడ కనవడ్డడు? నేల మీద. తెల్లగ. బోర్ల. తల దక్షిణం దిక్కు, పీనుగను పండవెట్టినట్టు."

"అది బొమ్మ అవ్వా."

"మొండన్నది గూడ బొమ్మనే."

సంపత్ చాయ్ తాగడం ఆపేశాడు. ఆ పేరు ఆ ఇంట్లో ఏడాదికొకసారి, పెద్దల అమాస నాడు మాత్రమే వినపడుతుంది. మొండయ్య పోశవ్వ అన్న. ముప్పై ఎనిమిదేళ్ళ కింద బాయిలో పైకప్పు బండ మీద పడి చనిపోయాడు. పిల్లలకు తెలిసింది అంతే.

"పీనుగ దొరకలే," అంది పోశవ్వ. "బాయిల గా పక్కంత మూసేసిండ్రు. పీనుగ లేకుంటే పిండితోని మనిషిని చేసి కాలవెట్టాలె అన్నడు అయ్యగారు. మా అవ్వకు చేతులాడలే. నాకు పదిహేడేండ్లు. నేనే పిసికిన బియ్యప్పిండి. కాళ్ళు చేసిన, చేతులు చేసిన. ముక్కు జర వంకర ఉండె మా అన్నకు, గట్లనే వంకర పెట్టిన. తెల్లగ పండవెట్టిండ్రు. నా కండ్ల ముంగటనే కాలింది."

ఆమె కుండ వైపే చూస్తూ చెబుతోంది.

"నేను తలుపు తీసేసరికి మల్ల గదే. గదే తెలుపు. కాలవెడుదునా? కాలవెడితె నిజంగనే ఆయనకు కర్మ చేసినట్టు. పారేద్దునా? మనిషిని పెంట మీద ఎట్ల పారేస్త? నాకేం వస్తది బిడ్డా, గంప చేసుడొక్కటే వస్తది. గంపయితే ఇంట్లనే ఉంటది. ఉల్లిగడ్డలు పోసుకుంటం. అయిదింటికి సర్టిఫికెట్ చేతిల వట్టుకొని మీ బాపు వచ్చిండు. అప్పటికే వేన్నీళ్ళ తొట్టిల ఏశిన."

"నాకు ముందుగాలనే చెప్పకపోతివి?"

"నువ్వు అడిగినవా?"

అలేఖ్య అడగలేదు. కాగితం ఎంత నానాలో, మెంతులు ఎన్ని వేయాలో అడిగింది. ఆ గదిలో పడుకున్న బొమ్మను చూస్తే నీకేమనిపిస్తుందని మూడు నెలల్లో ఒక్కసారీ అడగలేదు. ఆమె కోపం పోలేదు. కోపంతో పాటు ఇప్పుడు సిగ్గు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి భరించడం కష్టంగా ఉంది.

ఫోన్ మోగింది. క్యాథరిన్. హుజూరాబాద్ అమ్మాయి. విత్తనాలు వచ్చే కాగితపు సంచులను మడిచి మడిచి, చుక్క జిగురు లేకుండా మనిషెత్తు మక్కకంకి కట్టింది. ఐదుగురినీ ఒక్కచోటికి చేర్చింది తనే.

"అలేఖ్యా, వ్యాను ఖాయమైంది. శుక్రవారం ఎనిమిదింటికల్ల మీ ఇంటి ముంగట ఉంటది. బాపును మంచిగ గడ్డిల కట్టిపెట్టు."

"బాపు గంపలయిండు," అంది అలేఖ్య.

ఉన్నదంతా చెప్పింది. "ఫోటో పెట్టు," అంది క్యాథరిన్. అలేఖ్య ఏడు కుండలకూ ఒక ఫోటో తీసి పంపింది. రెండు నిమిషాలకే మళ్ళీ ఫోన్.

"ఏయ్, గివే తెచ్చెయ్యవే! ఏడు గంపలు వరుసగ పెట్టి, కింద కథ రాద్దాం. మా బాపు బొమ్మను మా అమ్మ గంపలు చేసింది అని. జనం అక్కడినుంచి కదలరు. నిజం చెప్తున్న, బొమ్మ కంటే గిదే గట్టిగుంటది."

అది నిజమే. అలేఖ్యకు ఆ సంగతి ఫోటో తీస్తున్నప్పుడే తెలిసిపోయింది. ఒళ్ళు మండింది కూడా అందుకే.

"అవి మా అవ్వ చేసినయి."

"నీ పేరు పెట్టుకుంటె అవ్వ ఏమన్న అంటదా?"

"అనదు. అనదనే పెట్టుకోను."

"మరి ఖాళీ జాగ పెట్టుమంటవా? పేర్లు అచ్చయినయి అలేఖ్యా."

"శుక్రవారం వ్యాను పంపు. బాపు ఉంటడు."

ఫోన్ పెట్టేసి లేచి నిలబడింది. ఎలా ఉంటాడో ఆమెకే తెలియదు. కానీ మాట నోటి నుంచి వచ్చేసింది. ఇక వెనక్కి తీసుకునే ఉద్దేశం లేదు. తొట్టి దగ్గరికి పోయి లోపలికి చూసింది. సగానికి పైగా గుజ్జు ఇంకా మిగిలే ఉంది.

"పొరలు ఏస్తే మూడు నెలలు. నీ లెక్కన గుజ్జు పూస్తే ఎన్ని దినాలల్ల ఎండుతది అవ్వా?"

"గీ ఎండకు మూడు దినాలు," అంది పోశవ్వ అలవాటుగా. అన్న తర్వాత ప్రశ్న అర్థమైంది. "నేను చెయ్య. మల్ల గా తెల్ల బొమ్మ నా ఇంట్ల ఒద్దు."

"నువ్వు చెయ్యకుంటె నేను చేసుకుంట."

"దేని మీద చేసుకుంటవ్?" సంపత్ అడ్డం వచ్చాడు. "బాపు పండుకోడు ఇంక. చెప్తున్న. కాలనీల ఇప్పటికే అంటున్నరు, ముసలాయనను బట్టలిప్పిచ్చి బొమ్మలు చేస్తున్నదని."

"ఎవలన్నరు?"

"ఎవలన్న అంటరు."

"అంటే నువ్వే అంటున్నవ్!"

"ఆఁ, నేనే అంటున్న! అన్ననైనందుకు గంతన్న అనొద్దా?"

చిక్కుడుకాయల గిన్నె నేల మీద ఠంగున మోగింది.

"నన్నెవలన్న అడిగిండ్రా?" అన్నాడు రాజం.

ముగ్గురూ అటు తిరిగారు. ఆయన కుర్చీలోంచి లేవలేదు, గొంతు కూడా పెంచలేదు.

"గీమె దంచుతనంటది, గామె పూస్తనంటది, వీడు ఒద్దంటడు. గా వీపు కింద నేనున్న గదా." ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. బొగ్గు దుమ్ము తిన్న రొమ్ము, నాలుగు మాటలకొకసారి ఆగాలి. "నా వీపును నేనెన్నడు చూసుకోలే. ఎవలు చూసుకుంటరు? గోకుడు పెడితె ఉన్నదని తెలుస్తది. గీ పిల్ల చేసినంక చూసిన. మీరెవలు లేనప్పుడు తలుపు దగ్గరేసుకొని, పక్కన కూసొని చూసిన. శుక్కురారం గా ఆఫీసుల యేలిముద్ర పెట్టిచ్చుకొని, బతికే ఉన్నవ్ పో అన్నరు. బతికే ఉన్న, సరే. ఎట్ల బతికిన్నో ఏ కాగితంల ఉన్నది? గా బొమ్మల ఉండె."

మూడు నెలలు అలేఖ్య పడుకోమంటే తండ్రి పడుకున్నాడు, లెమ్మంటే లేచాడు. కూతురి ముచ్చట తీరుస్తున్నాడనుకుంది. బొమ్మ ఆయనకు కూడా కావాలని ఆమెకు తోచనే లేదు.

రాజం అంగీ విప్పి కుర్చీకి తగిలించాడు. గోడకు ఆనించిన చాప తెచ్చి, వెనక గదిలో కాదు, నట్టనడి వాకిట్లో ఎండలో పరిచాడు. కాలనీ మొత్తం చూడాలనుకుంటే చూడొచ్చు. మోకాళ్ళ మీద వంగి మెల్లగా బోర్లా పడుకున్నాడు.

"తల!" పోశవ్వ అరిచింది. "తల ఎటు పెట్టినవ్?"

ఆయన లేచి, చాప తిప్పి, మళ్ళీ పడుకున్నాడు. "తూర్పు దిక్కు. చాలా?"

అలేఖ్య తొట్టిలోంచి గుజ్జు తీయబోయింది. మెంతుల జిగురు వేళ్ళ మధ్యనుంచి జారిపోయింది. రెండోసారి ముద్ద కట్టింది, అదీ విడిపోయింది.

"గట్ల గాదు. నీళ్ళు పిండాలె ముందుగాల." పోశవ్వ ఉండబట్టలేక లేచి వచ్చింది. "ఇటియ్యి. కానీ రెండు మాటలు."

"చెప్పు."

"తెల్లగ ఉండద్దు. పసుపు ఉన్నది ఉన్నట్టే ఉండాలె."

ప్రదర్శన హాలు కోసం అలేఖ్య కాగితాల మీది సిరా కూడా కడిగి కడిగి తెలుపు చేసింది. ఆ తెలుపు కోసం చేతులు ఒరుసుకుపోయాయి. "సరే," అంది.

"పండవెట్టద్దు. నిలవెట్టాలె. నిలవడ్డోడు బతికున్నోడు."

అలేఖ్య కళ్ళు మూసుకుని చూసుకుంది. హాలు మధ్యలో పసుపు వీపు ఒకటి నిలబడి ఉంది, అప్పుడే డ్యూటీకి బయల్దేరినట్టు, మనకు వీపు తిప్పి. అది మొదటి బొమ్మ కంటే బాగుంది. చదువుకున్నది తనైతే, బాగుండేది అవ్వకు తెలిసినందుకు కొంచెం కోపం కూడా వచ్చింది.

"సరే అవ్వా. బొమ్మ కింద నీ పేరు గూడ రాస్త."

"నా పేరెందుకు, దండుగ." అంటూనే పోశవ్వ ఆముదం సీసా అందుకుంది.

పని మొదలైంది. పోశవ్వ వీపంతా ఆముదం రాసింది. ఎన్నో ఏళ్ళుగా రాస్తున్న చెయ్యి, ఏ గీత ఎక్కడుందో చూడకుండానే తెలుసు. గుజ్జు పిండి, ముద్ద చేసి, మెడ మీద నుంచి పూయడం మొదలుపెట్టింది. బుట్టకు పూసినట్టే, అరచేత్తో ఒత్తి బొటనవేలితో అంచు కలుపుతూ. అలేఖ్య పక్కనుంచి ముద్దలు అందించింది. సంపత్ కాసేపు గడపలోనే నిలబడి చూశాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే బకెట్‌తో నీళ్ళు తెచ్చి పెట్టాడు.

"కదలకు," అంది పోశవ్వ. "రెండు గంటలు. జర గట్టివడ్డంక ఊడదీసి ఎండవెడుదాం. దగ్గొస్తె ఆపుకో. ఇప్పుడు పెద్దగ పలిగిందంటె మల్ల అతకది."

"కదలను," అన్నాడు రాజం చాపలోకి.

భుజాలు అయిపోయాయి. ఎడమ పక్క అయిపోయింది. తడి పసుపు కింద వీపు మెల్లగా లేస్తోంది, దిగుతోంది. పోశవ్వ ఆ ఊపిరినే చూస్తూ పూసింది. ఆమె మొహంలో భయం పోయిందని అలేఖ్యకు తెలిసింది. ఎందుకో ఏడుపు వచ్చినట్టయింది కానీ, చేతినిండా గుజ్జు ఉంది, తుడుచుకునే వీలు లేదు.

చివరికి ఒక్క చోటు మిగిలింది. కుడి రెక్క కింది నుంచి నడుము దాకా పోయే గీత, తొమ్మిదింటిలో అన్నిటికంటే పొడవుది. పోశవ్వ దాని చుట్టూ పూసింది, దాని మీద పూయలేదు. చెయ్యి ఆపి, మూడో కుండ వైపు చూసింది.

"దంచేటప్పుడు నీలాలన్ని కలిసిపోయినయి," అంది. "గా ఒక్కటి పోలే. రోకలికి చుట్టుకొని మల్ల మల్ల పైకే వచ్చింది. పొడుగు పోగు."

"గదే గీత అవ్వా, కుడి పక్కది," అంది అలేఖ్య.

"ఎరుకే." పోశవ్వ ఆముదం చేతి వేలు ఒకటి ఆ గీత మీద పై నుంచి కింది దాకా నడిపింది. తర్వాత భర్తతో మాట్లాడింది. "లగ్గమైన కొత్తల అడిగితె, చిన్నప్పుడు చింతచెట్టు మీదికెళ్ళి పడ్డ అన్నవ్."

"అన్న."

"చింతచెట్టు మీద బొగ్గు ఏడిది?"

రాజం వీపు ఒక్కసారి బిగుసుకుంది. మెడ దగ్గర గుజ్జులో సన్నటి చీలిక కనపడింది. పోశవ్వ తొందరపడకుండా దాన్ని బొటనవేలితో మూసింది.

"ముప్పై ఏడేండ్ల సంది నూనె రాస్తున్న. నీలంగనే ఉన్నదని కనవడ్తనే ఉన్నది. అడిగితె ఏం చెప్తవో అని అడగలే. ఇయ్యాల అడుగుతున్న. కదలకు. పండుకొనే చెప్పు."

పక్క క్వార్టరులో కుక్కరు రెండు విజిల్స్ వేసింది. లేచి పోదామన్నా రాజానికి వీలు లేదు. వీపు మీద కూతురి శుక్రవారం ఉంది.

"బండ కూలిననాడు రెండో షిఫ్టుల ఉన్న అని చెప్పిన గదా మీ అవ్వకు," అన్నాడు పోశవ్వతో. "మీకందరికి. అబద్ధం. మొదటి షిఫ్టే. మొండన్న పక్కనే ఉన్న."

సంపత్ గడప మీద కూలబడ్డాడు. అలేఖ్య తల్లి భుజం పట్టుకోబోయి, ఆ భుజం రాయిలా ఉండడం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బండ జారి నా వీపును చీరుకుంట పోయింది. ఆయన మీద కూలవడ్డది. ఇద్దరు వచ్చి నన్ను రెక్కలు వట్టి గుంజిండ్రు. మీద ఇంక రాలుతనే ఉండె. ఆగుండ్రి, ఆగుండ్రి అని మొత్తుకున్న. ఆగలే. ఆగితె అందరం పోతుంటిమి."

"నువ్వెందుకు ఆగుమన్నవ్?" అంది పోశవ్వ.

రాజం చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. పసుపు వీపు లేచి, దిగి, మళ్ళీ లేచింది.

"అప్పటికి మొండన్న మాట్లాడుతుండె."

పోశవ్వ చేతిలోని గుజ్జు ముద్ద నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా చాప మీద పడుతున్నాయి. ఆమె ఆ ముద్దను ఆ పొడవాటి గీత మీద పెట్టింది. పై నుంచి కింది దాకా మెల్లగా ఒత్తి, అంచులు కలిపి, చెయ్యి అక్కడే ఉంచింది.

"ఏమని?" అని అడిగింది.